రెండు జట్లకూ ఆడిన క్లెమ్

హాల్‌థోర్ప్‌లో క్లెమ్ ఓల్డ్‌రాయిడ్ గొంతు సవరించుకున్నాడంటే చేతిలో పని పక్కన పెట్టేయడమే మేలు. ఆ పని ఇక ఎలాగూ సాగదు. ఆ ఆదివారం పొద్దున కూడా అదే జరిగింది.

మూడు రోజులుగా యార్క్‌షైర్ అంతా మంచు బిగుసుకుపోయి ఉంది. పెద్ద క్లబ్బులకైతే మైదానం కింద వేడినీళ్ళ గొట్టాలుంటాయి. హాల్‌థోర్ప్ రగ్బీ లీగ్ క్లబ్బుకి ఉన్నదల్లా ఎండుగడ్డి. గురువారం ఊరంతా కలిసి మైదానం గడ్డకట్టకుండా మందంగా గడ్డి పరుస్తారు, ఆట రోజు పొద్దున్నే మళ్ళీ ఊరంతా వచ్చి లాగేస్తారు. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. ఆ లాగుడు సగం అయ్యేసరికి అందరికీ నడుములు పట్టేసి, తూర్పు గేటు పక్కనున్న ఎనిడ్ రేకుల టీ కొట్టులోకి దూరారు. లోపల ఎనిడ్ టీ కాస్తోంది. మూలన స్టాన్ ఆర్మిటేజ్ మధ్యాహ్నం జనానికి పెట్టే బఠాణీలు పెద్ద డేగిసాలో కలుపుతున్నాడు. డెబ్బైల్లో ఈ జట్టుకి కెప్టెన్ అతను. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు.

జానిస్ బూత్‌రాయిడ్ కూడా వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు ఆమెదే, క్లబ్బుకి చైర్మన్ ఆమే. యాభై ఆరేళ్ళ మనిషి, మేకులు తూచినట్టు మాటలు కూడా తూచి మాట్లాడుతుంది. ఆ పొద్దున మాత్రం గుండెల మీద బండరాయి పెట్టుకుని తిరుగుతోంది.

సంగతేమిటంటే, మంగళవారం లీగులోని పన్నెండు క్లబ్బుల చైర్మన్లూ లీడ్స్‌లో ఒక హోటల్లో కూర్చుని ఓటు వేయబోతున్నారు. ఆటగాళ్ళ జీతాల మీద ఏ క్లబ్బూ ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఇప్పటిదాకా ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఉండబట్టే హాల్‌థోర్ప్ లాంటి ఊరు కూడా ఏడాదికి ఒకటో రెండో పెద్ద జట్లని మట్టి కరిపిస్తోంది. బాన్‌ఫోర్డ్ క్లబ్బుని కొన్న పరుపుల కంపెనీ కోటీశ్వరుడికి ఆ హద్దు నచ్చలేదు. ఉన్నవాళ్ళం గొప్ప ఆటగాళ్ళని కొనుక్కుంటాం, ఆట స్థాయి పెరుగుతుంది, ఆస్ట్రేలియా వాళ్ళ ముందు తలెత్తుకుని తిరుగుతాం అంటాడు. ఆరు క్లబ్బులు అతనివైపు తిరిగిపోయాయి. అయిదు హద్దు ఉండాలంటున్నాయి. హాల్‌థోర్ప్ కూడా ఉండాలంటే ఆరూ ఆరూ సరిసమానమై పాత పద్ధతే నిలుస్తుంది. వద్దంటే ఎగిరిపోతుంది.

జానిస్ బాధ ఏమిటంటే, ఆ పరుపులాయన మాట పూర్తిగా తప్పని ఆమెకి అనిపించడం లేదు. కిందటి ఆదివారం సొంత జట్టు పందొమ్మిదిసార్లు బంతి జారవిడిచింది. ఆమె కూర్చుని లెక్కపెట్టింది, సిగ్గుతో చచ్చిపోయింది.

"మీ అందరి మాటా నాకు కావాలి," అంది జానిస్. "ఎల్లుండి వాళ్ళ ముందు లేచి నిలబడాలి. హద్దు ఉండాలా, పోవాలా?"

"పోవాలండీ చైర్మన్ గారూ," అన్నాడు బస్సు డ్రైవర్ ట్రెవర్, టీలో బిస్కెట్టు ముంచుతూ. "కిందటివారం మా కుక్కని తీసుకొచ్చాను. పది నిమిషాలు చూసింది, గోడవైపు తిరిగి పడుకుంది. దానికి ఆట తెలుసండీ, ఊరికే పడుకునే కుక్క కాదు."

"అది పోతే మనం పోతాం కదా నాయనా," అంది ఎనిడ్. "వారం వారం వాళ్ళు మనని అరవైకి సున్నా కొడుతుంటే నా టీ ఎవరు తాగుతారు?"

"అరవైకి సున్నా అయినా సరే, బాగా ఆడినవాణ్ణి కళ్ళారా చూశామన్న తృప్తి ఉంటుంది. మనవాళ్ళూ చెత్తే, ఎదుటివాళ్ళూ చెత్తే, ఇద్దరు చెత్తవాళ్ళు సమానంగా కొట్టుకుంటే అదేం ముచ్చట?"

జానిస్ ఇద్దరి మాటలకీ తల ఊపింది. అదే ఆమె కష్టం. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది.

అప్పుడు క్లెమ్ గొంతు సవరించుకున్నాడు.

అరవై తొమ్మిదేళ్ళ భారీ మనిషి. తిరగేసిన పాల డబ్బా మీద కూర్చుంటే డబ్బా కనపడదు. ఒకప్పుడు ఈ జట్టుకి ఆడాడన్నది ఊరంతా ఒప్పుకునే మాట. ఎంత ఆడాడన్నది మాత్రం ఎవరికీ సరిగ్గా గుర్తులేదు, అడిగితే చెప్పేది అతనొక్కడే.

"జట్లని సమానం చేస్తే ఆట స్థాయి పడిపోతుందన్న మొనగాడెవడమ్మా?" అన్నాడు. "ఈ రెండింటినీ ఒకే ఒరలో పెట్టి చూపించినవాణ్ణి నేనిక్కడ కూర్చుని ఉండగా, మీరు ఆ పరుపులవాడి మాట వింటారా?"

"మొదలెట్టాడు," అన్నాడు ట్రెవర్. కానీ ఇంకో బిస్కెట్టు తీసుకుని సర్దుకుని కూర్చున్నాడు.

"డెబ్బై అయిదు. జనవరి నెల. బాన్‌ఫోర్డ్ మీద మ్యాచ్. నేను ఆ రోజు చేసింది పెద్ద ఘనకార్యం ఏమీ కాదు, ఉన్నమాట చెప్పుకోవాలిగా, ఓ పదకొండుమందిని పడగొట్టాను, అంతే."

"జట్టుకి ఉండేది పదమూడు మందేగా?"

"మిగతా ఇద్దరిలో ఒకడు నేను వస్తుంటే చూసి వాడంతట వాడే పడుకున్నాడు, వాణ్ణి నా లెక్కలో వేసుకోకూడదు, నేను న్యాయంగా మాట్లాడేవాణ్ణి. ఇంకొకడు వాళ్ళ అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాడు. సరే, ఆ పై వారం ఇంకో ఊరు, ఆ పై వారం మరో ఊరు, ఎక్కడికి పోయినా ఇదే తంతు, సగం ఆటకే యాభై రెండుకి సున్నా, జనం ఏం చేస్తారు పాపం, లేచి వేయించిన చేపల కొట్టుకి పోయేవాళ్ళు, ఆ ఏడాది చేపలు అమ్మి మన వీధి చివర కొట్టువాడు రెండంతస్తుల మేడ కట్టాడు, ఇప్పటికీ గుమ్మం మీద నా పేరే ఉంటుంది, వెళ్ళి చూసుకోండి."

"అక్కడ ఇప్పుడు పంటి డాక్టరు ఉంటున్నాడు," అంది ఎనిడ్.

"లోపలి గుమ్మం మీద ఉంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లీగు పెద్దలు ముగ్గురు టోపీలు చేత్తో పట్టుకుని మా అమ్మ దగ్గరికి వచ్చారు. అమ్మా, మీ వాడి వల్ల ఆట చచ్చిపోతోంది, ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే టికెట్టు ఎవరు కొంటారు, ఏదో ఒకటి చెయ్యండి అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా అమ్మ జాలిగుండె మనిషి. తిండి తగ్గించమంటారా అంది. వద్దమ్మా, అంత పాపం మాకెందుకు అని, నా వీపుకి నూరు కిలోల బొగ్గు బస్తా కట్టించారు."

"కట్టుకుని ఆడావా?"

"ఆడక? నాలుగు ట్రైలు చేశాను. బంతి పట్టుకుని గీత దాటి నేలకి ఆనించడం నాలుగుసార్లు, వీపున బస్తాతో. ఆట అయ్యాక ఆ బస్తా పట్టుకెళ్ళి మా పక్కింటి ముసలమ్మకి దింపేశాను, ఎలాగూ దారిలోనేగా, పాపం ఆవిడకి బొగ్గు అయిపోయింది."

ట్రెవర్‌కి టీ పొలమారింది. జానిస్ పెదవి చివర కూడా చిన్నగా కదిలింది. మూడు రోజుల తర్వాత ఆమె మొహాన నవ్వు రావడం అదే మొదలు, అది క్లెమ్ కనిపెట్టాడు, కనిపెట్టి డబ్బా మీంచి ముందుకి జరిగాడు.

"బస్తాతో లాభం లేదని లీగు వాళ్ళకి అర్థమైపోయింది తల్లీ. అప్పుడొక కొత్త రూలు పెట్టారు. మొదటి సగం క్లెమ్ హాల్‌థోర్ప్‌కి ఆడాలి, రెండో సగం ఎదుటి జట్టుకి ఆడాలి. మా అమ్మ రెండు జెర్సీలు కలిపి కుట్టింది, ఇటు వేసుకుంటే మన నీలం, తిరగేస్తే వాళ్ళ ఎరుపు. సగం ఆటకి యాభై రెండు–సున్నా, ఆట పూర్తయ్యేసరికి యాభై రెండు–యాభై రెండు. చూసుకో ఇక, ఎంత సమానం! ఎంత గొప్ప ఆట! రెండు వైపులా నేనేనాయె!"

"అయినా అందరికీ తెలిసిపోతుందిగా," అన్నాడు ట్రెవర్. "మొదటి సగం మనది, రెండో సగం వాళ్ళది. ఆఖరికి సమానం. ఇక చూడ్డానికి ఏముంది?"

"అదీ! బస్సు తోలేవాడివైనా బుర్ర ఉన్నవాడివి. సరిగ్గా ఆ మాటే లీగు పెద్దలూ అన్నారు. అందుకని ఇంకో రూలు. మన ఆటలో బంతి పట్టుకున్నవాణ్ణి ఆరుసార్లు పడగొడితే బంతి ఎదుటివాళ్ళకి ఇచ్చేయాలా? ఆ ఆరోసారి అయినప్పుడల్లా క్లెమ్ జెర్సీ తిరగేసుకుని అటు దూకాలన్నారు. ఎనభై నిమిషాల్లో నూట ఇరవైసార్లు తిరగేశాను తల్లీ, ఆ గాలికి ముందు వరసలో వాళ్ళకి జలుబు చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకుండా ఉంటావా," అంది ఎనిడ్, కెటిల్ పక్కన పెట్టేసి.

"ఆరోసారి పడబోయే ముందు బంతి పైకి తన్నాను. ఎంత పైకి అంటే, చర్చి గోపురం మీద గాలివాటం చూపే రేకు కోడి ఒక్కసారి తల ఎత్తి చూసింది. ఆ బంతి మబ్బుల్లోంచి దిగేలోపు నేను జెర్సీ తిరగేశాను, అటువైపు పోయాను, బంతి నేనే పట్టుకున్నాను. బంతి పట్టుకున్నవాణ్ణి ఎవరో ఒకరు పడగొట్టాలిగా? అటు చూస్తే అందరూ నన్ను చూసి వణుకుతున్నారు. ఇక ఎవడు పడగొడతాడు?"

"ఎవడు?"

"నేనే."

"నిన్ను నువ్వే పడగొట్టుకున్నావా!"

"మరి? చక్కటి పట్టు, నడుం కింద. గట్టిగానే పడ్డాను, ఇప్పటికీ చలికాలం లాగుతుంది. రిఫరీ ఈల వేసి నాకే పెనాల్టీ వేశాడు. పడ్డవాడి మీంచి తొందరగా లేవలేదట."

"ఎవరి మీంచి?"

"నా మీంచే!"

కొట్టు రేకులు అదిరిపోయేలా నవ్వారు. గడ్డి లాగుతున్న మరో పదిమంది బయట కిటికీ దగ్గర చేరారు, వాళ్ళకి వినపడకపోతే లోపలివాళ్ళు అందిస్తున్నారు. జానిస్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఎదురుగా ఆ నవ్వు, కిటికీ నిండా తలకాయలు, ఇక క్లెమ్‌ని పట్టేవాడెవడు?

"మిగతా క్లబ్బులు ఊరుకుంటాయా తల్లీ? హాల్‌థోర్ప్ మ్యాచ్‌కేనా ఈ వైభోగం, మాకూ క్లెమ్ కావాలి అని గోల. పన్నెండు క్లబ్బులు, అంటే ఆదివారానికి ఆరు మ్యాచ్‌లు, ఆరు ఊళ్ళు, అన్నీ మూడింటికే మొదలు. ఆరింటిలోనూ ఆడాను, రెండేసి వైపులా."

"ఒకే టైముకి ఆరు ఊళ్ళలో ఎలా ఆడావయ్యా?" అన్నాడు కిటికీ బయటినుంచి ఎవరో.

"బంతి పైకి తన్నేవాణ్ణి. అది దిగేలోపు బొగ్గు రైలెక్కి పక్క ఊరు పోయి, అక్కడ ఓ ట్రై చేసి, అక్కడి బంతి కూడా పైకి తన్ని, తిరుగు రైల్లో వచ్చేసరికి ఇక్కడిది అప్పుడే చెట్ల ఎత్తుకి దిగుతూ ఉండేది."

"ఆ రైలు ఒక్కనాడైనా టైముకి నడిచిందా?" అన్నాడు ట్రెవర్.

"నడవలేదు. అందుకే వెనకనించి నేనే తోసేవాణ్ణి. సరే, ఆ ఏడు చివర పట్టిక చూస్తే పన్నెండు జట్లకీ ఒకటే పాయింట్లు. పైన ఎవరి పేరు వేయాలో తెలియక పేపరువాళ్ళు పేర్లన్నీ గుండ్రంగా అచ్చువేశారు. కప్పుని పన్నెండు ముక్కలు కోశారు. మన ముక్కతో మా అమ్మ గరిటె చేయించుకుంది. అది విని ఆస్ట్రేలియా వాళ్ళు ఓడ వేసుకుని వచ్చేశారు, ఇంత సమానంగా ఉంటూ ఇంత గొప్పగా ఎలా ఆడుతున్నారో చూద్దామని. చూశారు. చూసి వాళ్ళ కెప్టెన్ నా చేతులు పట్టుకుని, అయ్యా, మాకు సగం క్లెమ్‌ని ఇప్పించండి, పైసగమైనా సరే, కిందసగమైనా సరే, లేకపోతే భూమి మీ వైపు ఒరిగిపోయేలా ఉంది అని ఒకటే ఏడుపు. సరేలే అని ఆ మ్యాచ్ కూడా రెండు వైపులా ఆడాను. మనం గెలిచాం. వాళ్ళూ గెలిచారు."

"ఇద్దరూ ఎలా గెలుస్తారు?"

"ఇంతసేపు విన్నావు, ఇంకా అదే అడుగుతావా?" క్లెమ్ రెండు చేతులూ చాచి కొట్టంతా కలియచూశాడు. "అంచేత, జానిస్ తల్లీ, నిశ్చింతగా వెళ్ళు. హద్దు ఉంచమను. సమానం చేస్తే ఆట చెడిపోతుందంటే, హాల్‌థోర్ప్‌లో క్లెమ్ అని ఒకడున్నాడు, వెళ్ళి వాణ్ణి అడగండి అని చెప్పు!"

చప్పట్లు కొట్టారు. కిటికీ బయట ఎవరో ఈల వేశారు. జానిస్ కళ్ళు తుడుచుకుంది. నవ్వు అయిపోగానే బండరాయి మళ్ళీ వచ్చి గుండెల మీద కూర్చుంది.

"చాలా నవ్వించావు క్లెమ్," అంది. "కానీ వాళ్ళ ముందు ఇది చెప్పలేను కదా. వాళ్ళు లెక్కలు చూపిస్తారు. చిన్న జట్లు ఎలా ఆడుతున్నాయో చూడమంటారు. పందొమ్మిదిసార్లు బంతి జారింది, అదీ చూపిస్తారు. నాకు కావాల్సింది ఒకే ఒక్కటి. అన్నిటికంటే కింద ఉన్న జట్టు, అన్నిటికంటే పైన ఉన్నవాళ్ళ గుండెలు జారేలా ఆడిన రోజు. చెత్తగా ఆడినా పర్లేదు. నిజంగా జరిగింది ఒక్కటుంటే చాలు, నేను ధైర్యంగా చెయ్యి ఎత్తుతాను. ఉందా అలాంటిది? అబద్ధం వద్దు."

"ఒకటేమిటి తల్లీ, నా ఒక్కడి చేతి మీదుగానే పదిహేడు..."

"క్లెమ్."

ఆ గొంతు మూలనుంచి వచ్చింది. స్టాన్ గరిటె డేగిసా అంచుకి ఆనించాడు. అందరూ అటు తిరిగారు.

"అమ్మాయి అబద్ధం వద్దంది," అన్నాడు స్టాన్.

క్లెమ్ డబ్బా మీద వెనక్కి జరిగాడు.

"డెబ్బై అయిదు జనవరి. బాన్‌ఫోర్డ్ మీద. అంతవరకూ వీడు చెప్పింది నిజం," అన్నాడు స్టాన్. "క్లెమ్ ఆ రోజు పక్కన కూర్చున్న బదులు ఆటగాడు. వాడి వీపున పదిహేనో నంబరు. మా వాడొకడి కాలు బెణికితే ఆఖరి మూడు నిమిషాలకి నేనే లోపలికి రమ్మన్నాను. అది వాడి మొదటి మ్యాచ్. ఆఖరి మ్యాచ్ కూడా అదే."

కిటికీ బయటి తలకాయలు లోపలికి వంగాయి, స్టాన్ ఆపకుండా చెప్పుకుపోయాడు.

"మంచు కరిగింది, పైన వాన. బురద ఎంతుందంటే ఇరవై ఆరుమందీ ఒకటే రంగు. మేం పట్టికలో చిట్టచివర, వాళ్ళు మొదట. వాళ్ళు తొమ్మిది, మేం ఏడు. అర నిమిషం ఉందనగా బంతి నాకు దొరికింది. ముందు ఒక్కడు లేడు. గీత నాలుగడుగులు. ఆనిస్తే మూడు పాయింట్లు, గెలిచేసినట్టే. అప్పుడు పక్కనించి ఒకడొచ్చి నా నడుం కింద పట్టేసి పడగొట్టాడు. చక్కటి పట్టు."

జానిస్ లేచి నిలబడింది. "ఆ మ్యాచ్ నేను చూశాను! నాకు ఏడేళ్ళు. నాన్న భుజాల మీద కూర్చున్నాను. బాన్‌ఫోర్డ్ వాడెవడో పడగొట్టాడు, సైరన్ కూసేసింది, ఆట అయిపోయింది."

"అందరూ బాన్‌ఫోర్డ్ వాడనే అనుకున్నారు. రిఫరీకీ తెలీలేదు. పడ్డాక నేను కళ్ళల్లో బురద తుడుచుకుని చూశాను. మొహం మీద మొహం పెట్టుకుని ఉన్నాడు." స్టాన్ తల తిప్పి చూశాడు. "వీడు."

క్లెమ్ మొహంలో నెత్తురు లేదు. అంత పెద్ద మనిషి పాల డబ్బా మీద చిన్నబోయి, తన చేతులవైపు చూసుకుంటున్నాడు. యాభై ఏళ్ళుగా ఈ మనిషి చెప్పిన కోతలన్నీ జానిస్‌కి ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. అన్నిటిలోనూ అదే జనవరి, అదే బాన్‌ఫోర్డ్, అదే పట్టు.

"కళ్ళనిండా బురద, స్టాన్," అన్నాడు క్లెమ్ చాలా మెల్లగా. "పరిగెడుతున్న మనిషొకడు కనిపించాడు. అంతే కనిపించింది. పడగొట్టేశాను. మొదటి మ్యాచ్ కదా, ఏదో ఒకటి చేసి చూపించాలని... నీకు తెలీదనుకున్నాను."

"తెలుసు."

"ఇన్నేళ్ళూ తెలుసా?"

"తెలుసు."

"ఎవరికీ చెప్పలేదేం మరి?" అన్నాడు ట్రెవర్. అతని చేతిలో బిస్కెట్టు టీలో కరిగిపోయింది కూడా చూసుకోలేదు.

"ఎనిమిది వేలమంది ఏడుస్తూ ఇంటికి పోయిన రోజు," అన్నాడు స్టాన్. "వీడికి ఇరవై ఏళ్ళు. ఇదే ఊళ్ళో బతకాలి, ఈ ఊరి బొగ్గుగనిలోనే దిగాలి. కొన్నాళ్ళు పోయాక చెబుదామనుకున్నా. ఈలోగా చలికాలం ఏ ఆదివారం చూసినా గడ్డి లాగడానికి అందరికంటే ముందు వీడే వచ్చి ఉండేవాడు. ఇక చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఎనిడ్ తన తెల్ల ఏప్రన్ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. స్టాన్ జానిస్ దగ్గరికి వచ్చాడు. ఇన్ని మాటలు అతను వరసగా మాట్లాడ్డం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నీకు నిజంగా జరిగింది కావాలన్నావు అమ్మాయ్. అదీ జరిగింది. చెత్త ఆట. బంతి పందొమ్మిదిసార్లు కాదు, నలభైసార్లు జారింది. బాగా ఆడినవాడు ఆ రోజు మైదానంలో ఒక్కడూ లేడు, నాతో సహా. కానీ సైరన్ కూసేదాకా ఒక్క మనిషి గేటు వైపు కదల్లేదు."

జానిస్‌కి అంతా గుర్తొచ్చేసింది. నాన్న టోపీ ఎక్కడో గాల్లోకి ఎగిరిపోయింది. తను ఆయన జుట్టు రెండు చేతులా పట్టుకుని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ఇంటికెళ్ళాక ఆయన వంటగది నేల మీద చాక్‌ముక్కతో గీత గీసి, ఇదిగో, ఇంతే దూరం, నాలుగడుగులు అని అమ్మకి చూపించాడు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అదే గీత గీసి చూపించాడు, చనిపోయేదాకా. ఓడిపోయిన మ్యాచ్ అది. దాని గురించే బతికినన్నాళ్ళూ మురిసిపోయాడు ఆ మనిషి. తను ఈ క్లబ్బుని పట్టుకుని ఇన్నేళ్ళు వేలాడుతున్నది కూడా ఆ నాలుగడుగుల కోసమే. గుండెల మీది బండరాయి ఎప్పుడు దిగిపోయిందో ఆమెకే తెలీలేదు.

"ట్రెవర్," అంది, "నువ్వన్నది తప్పు కాదు. మన ఆట బాగుపడాల్సిందే. బాగుచేద్దాం. మంచి కోచ్‌ని పెడదాం, పిల్లల జట్లకి బంతి పట్టడం ముందునించీ నేర్పిద్దాం. అది మన చేతిలో పని. కానీ గొప్పవాళ్ళందరినీ ఒక్క ఊరే కొనేసుకుంటే ఆ నాలుగడుగుల దాకా మనం ఏనాడూ పోలేం. పోగలమన్న ఆశ కూడా ఉండదు. ఎవరు గెలుస్తారో శనివారమే తెలిసిపోతే ఆదివారం ఈ చలిలో గడ్డి లాగడానికి ఎవరొస్తారు? మన ఓటు హద్దుకే. నేనే లేచి చెబుతాను. నాన్న గీసిన గీత కూడా ఆ హోటలు నేల మీద గీసి చూపిస్తాను, ఎవడేమనుకుంటే నాకేం!"

ఒక్క క్షణం ఆగి ట్రెవరే ముందు లేచాడు. "గీయండి చైర్మన్ గారూ! చాక్‌ముక్క నేను కొనిస్తాను!" అన్నాడు. ఇక చూడాలి ఆ గోల. కిటికీ బయటివాళ్ళు రేకుల మీద దరువు వేశారు. ఎనిడ్ టీ అందరికీ ఉచితమని అరిచింది, అరిచాక ఎంతమంది ఉన్నారో చూసుకుని కాస్త కంగారుపడింది. బయట గడ్డికుప్పల మీంచి ఎవరో క్లబ్బు పాట అందుకున్నారు, పది గొంతులు కలిశాయి, తర్వాత యాభై. జానిస్ వెళ్ళి క్లెమ్ భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

ఆ నొక్కుడు చాలు. మొహంలోకి నెత్తురు మళ్ళీ వచ్చింది, వీపు నిటారైంది, గొంతు సవరించుకోవడం కూడా వినపడింది.

"అయితే మీరొకటి ఆలోచించారా?" అన్నాడు క్లెమ్, పాల డబ్బా మీంచి లేచి నిలబడి. "ఆ రోజు స్టాన్ ఆ ట్రై చేసేసి ఉంటే ఏమయ్యేది? గెలిచేవాళ్ళం, ఇంటికి పోయేవాళ్ళం, పడుకునేవాళ్ళం, వారానికల్లా మర్చిపోయేవాళ్ళం! జానిస్ వాళ్ళ నాన్న గీత గీసేవాడా? జానిస్ చైర్మన్ అయ్యేదా? మంగళవారం ఆ ఓటు పడేదా? ఇరవై ఏళ్ళ వయసులో, అర నిమిషంలో, కళ్ళనిండా బురదతో, ఇదంతా ముందే ఆలోచించి ఆ పట్టు పట్టినవాడెవడు? చెప్పండి! ఇవాళ ఈ క్లబ్బుని కాపాడింది ఎవడు?"

స్టాన్ అప్పటికే డేగిసా దగ్గరికి పోయి గరిటె అందుకున్నాడు. తల కూడా తిప్పలేదు.

"నువ్వే," అన్నాడు. "ఈసారి మాత్రం మనవైపే ఆడావు."